పాత చిన్న కారును ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత చిన్న కారు ఒకటి మీ చేతికొచ్చింది. లేదా ఇంట్లోనే ఓ మూల ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుని ఉంది. దాన్ని మీ చేతులతో మళ్ళీ రోడ్డెక్కించాలని ఉంది. ఆ కోరిక ఉన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులివి. ఇందులోని అంకెలు చాలా కార్లకు సరిపోయేవే అయినా, మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆ మాన్యువల్ సంపాదించాకే మొదటి స్పానర్ పట్టుకోండి.

ఇంజన్ బాగుండి బాడీ తుప్పు పట్టిన కారు మేలా, బాడీ బాగుండి ఇంజన్ పోయిన కారు మేలా?

బాడీ బాగున్నదే తీసుకోండి. చిన్న కార్లలో చాలావాటికి విడిగా ఛాసీ ఉండదు. ఒక మిల్లీమీటరు మందం కూడా లేని రేకులను మడిచి, అతికించి చేసిన బాడీయే కారు బరువంతా మోస్తుంది. ఇంజన్, సస్పెన్షన్, సీటు బెల్టులు అన్నీ ఆ రేకుకే బిగించి ఉంటాయి. ఇంజన్ పోతే దించి ఇంకోటి ఎక్కించుకోవచ్చు. సస్పెన్షన్ పట్టుకున్న చోట రేకు తినేస్తే మాత్రం కోసి, కొత్త ముక్క తయారుచేసి, కొలత తప్పకుండా వెల్డింగ్ చేయాలి. నెలలు పట్టే పని అది.

విడిభాగాలు దొరికే మోడల్ కావడం కూడా ముఖ్యమే. లక్షల్లో అమ్ముడైన మామూలు కారు మొదటిసారి చేసేవాళ్ళకు అన్నివిధాలా మంచిది. అరుదైన కారుకు ఒక్క విండ్‌షీల్డ్ రబ్బరు కోసం ఏడాది వెతకాల్సి రావచ్చు.

చూడటానికి వెళ్ళినప్పుడు ఏమేం పరీక్షించాలి?

చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి తీసుకెళ్ళండి. చక్రాల పైనున్న వంపులు, తలుపుల కింది అంచులు, విండ్‌షీల్డ్ కింది మూలలు తడిమి చూడండి. అయస్కాంతం పట్టుకోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. తర్వాత కార్పెట్ ఎత్తండి, స్టెప్నీ తీసి దాని గుంత చూడండి, బ్యాటరీ కింది పళ్ళెం చూడండి. కారిన యాసిడ్ అక్కడి రేకును నిశ్శబ్దంగా తినేస్తుంది. తలుపుల కింద పొడవునా సాగే బోలు దూలాలను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు గణగణమంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. జాకీ పెట్టే చోట ఎత్తి చూడటం అన్నిటికన్నా నిజం చెప్పే పరీక్ష. కారు లేవకుండా రేకు లోపలికి నొక్కుకుపోతే వెనక్కి వచ్చేయండి.

ఇంజన్ చల్లగా ఉండగానే చూడాలి. మీరు వెళ్ళేసరికే వేడెక్కి ఉంటే, స్టార్ట్ కావడంలో ఉన్న ఇబ్బంది దాచారేమోనని అనుమానించండి. ఆయిల్ మూత అడుగున వెన్నలాంటి తెల్లటి జిడ్డు ఉంటే కంగారు పడొద్దు, కొట్టిపారేయనూ వద్దు. ఎప్పుడూ దగ్గర దూరాలే తిరిగిన కారులో తేమ వల్ల కూడా అలా అవుతుంది. కూలెంట్‌లోనూ నూనె తేలుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే పొర) పోయిందనుకోవచ్చు. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, నల్ల పొగ పెట్రోలు ఎక్కువవుతోందని, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంట్ కాలుతోందని చెబుతాయి.

అంతా విప్పేసి, శుభ్రం చేసి, కొత్తగా బిగించుకుంటే పని చక్కగా అవుతుంది కదా?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేటట్టయితే ఇదే చదవండి: విప్పేయకండి.

నా మొదటి కారును నేను మూడు వారాల్లో విప్పేశాను. తిరిగి కలపడానికి మూడేళ్ళు దాటింది. విప్పుతున్నప్పుడు రోజూ పని జరుగుతున్నట్టే ఉంటుంది, ఉత్సాహం పొంగుతుంది. ఆ తర్వాత ఒకరోజు చూస్తే చక్రాల్లేని బాడీ, పద్నాలుగు అట్టపెట్టెలు, ఏ బోల్టు ఎక్కడిదో తెలియని ఒక బకెట్ మిగిలాయి. బాడీని పక్కకు జరపాలన్నా నలుగురు కావాలి. ఏ చిన్న పని ముగించినా కారు కదిలే పరిస్థితి దగ్గరపడినట్టు అనిపించేది కాదు. ఇళ్ళ వెనక సగంలో ఆగిపోయిన కార్లు నేను చూసినవన్నీ ఇలా ఒక్కసారిగా విప్పేసినవే.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. కారు తన చక్రాల మీద తాను నిలబడి, వీలైతే తానే కదిలే స్థితిలో ఉండాలి. ఒకసారికి ఒక వ్యవస్థ మాత్రమే తీయాలి. ముందు బ్రేకులు. అవి పూర్తయి పనిచేశాకే కూలింగ్, అది ముగిశాకే వైరింగ్. తుప్పు కూడా ఒక్కో మూల చొప్పున. పనులు ఎంత పెద్దవైనా ప్రతిదాని చివర కారు కాస్త మెరుగుపడి మీ ముందుంటుంది.

విప్పేముందు ఫోటోలు తీయండి, కనీసం మూడు కోణాల్లో. తీసిన బోల్టును, వీలైతే, దాని రంధ్రంలోనే రెండు చుట్లు తిప్పి ఉంచండి. వీలుకాకపోతే అట్టముక్క మీద ఆ భాగం బొమ్మ గీసి, బోల్టులను వాటి స్థానాల్లోనే గుచ్చండి. వాటర్ పంపు, టైమింగ్ కవర్ లాంటి చోట్ల బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి. పొట్టి బోల్టు రంధ్రంలో పొడుగుది బిగిస్తే బ్లాక్ పగిలే ప్రమాదం ఉంది.

ఏ పనిముట్లు ఉండాలి?

మంచి సాకెట్ సెట్, స్పానర్లు, టార్క్ రెంచ్, మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్, బరువు మోసే స్టాండ్లు రెండు జతలు, బ్రేక్ పైపుల నట్లకు ప్రత్యేకమైన స్పానర్. మొదటి ఏడాదికి ఇవి చాలు. బిగుసుకున్న బోల్టులకు ఆరు మూలల సాకెట్ వాడండి. పన్నెండు మూలలది అంచులను గుండ్రంగా అరగదీస్తుంది. 1950, 60ల్లో తయారైన బ్రిటిష్ కార్లయితే అంగుళాల కొలత స్పానర్లు కావాలి.

తుప్పు పట్టిన బోల్టుకు ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేయండి. మర్నాడు విప్పబోయే ముందు ఒక్క రవ్వ బిగించే వైపు తిప్పండి. తుప్పు పట్టు అక్కడే చిట్లుతుంది. అప్పటికీ రాకపోతే వేడి చేయాలి. పక్కన పెట్రోలు పైపు, రబ్బరు లేకుండా చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

కారు కింద పడుకుని పని చేయడం క్షేమమేనా?

జాకీ మీద ఉన్న కారు కిందికి చేయి కూడా పెట్టకండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి నేల మీద, రెండు వైపులా స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేసి, కారును భుజంతో గట్టిగా ఊపి చూడండి. కదిలితే అది మీరు బయట ఉన్నప్పుడే కదలాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అస్సలు వాడకండి. అవి వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగులుతాయి. చిన్న కార్లు కూడా చాలావరకు ఆరు వందల నుంచి తొమ్మిది వందల కిలోల బరువుంటాయి.

మూసి ఉన్న షెడ్డులో ఇంజన్ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుకోండి.

ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజన్‌ను ఎలా లేపాలి?

బ్యాటరీ తగిలించి నేరుగా సెల్ఫ్ కొట్టడం చాలామంది చేసే పొరపాటు. సిలిండర్ గోడల మీద ఆయిల్ ఎప్పుడో జారిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు.

ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు ఆగండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సైలెన్సర్ గొట్టం తొంగి చూడండి, ఎలుకలు గూళ్ళు కట్టి ఉంటాయి. పాత పెట్రోలు పూర్తిగా దించేయండి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చండి. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పండి. ఇంజన్ ఎటు తిరుగుతుందో అటే, రెండు పూర్తి చుట్లు. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం చూపించొద్దు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సమానంగా కలిపి సిలిండర్లలో పోసి, మంట దగ్గరికి రానివ్వకుండా, కొన్ని రోజులు నాననివ్వండి. రోజుకోసారి మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి.

తేలిగ్గా తిరిగితే ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి, ప్లగ్గులు లేకుండానే, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్‌తో తిప్పండి. ప్లగ్గులు లేవు కాబట్టి బేరింగుల మీద భారం పడదు, ఆయిల్ అన్ని దారుల్లోకీ చేరుతుంది. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించి, శుభ్రమైన పెట్రోలు ఇచ్చి స్టార్ట్ చేయాలి. స్టార్ట్ అయ్యాక కొద్ది సెకన్లలో ఆయిల్ దీపం ఆరకపోతే వెంటనే ఆపేయండి.

టైమింగ్ బెల్ట్ చూడటానికి బాగానే ఉంది. మార్చాలా?

మార్చాలి, అదీ మొదటిసారి స్టార్ట్ చేయకముందే. పిస్టన్లతో లయ తప్పకుండా వాల్వులను నడిపేది ఈ రబ్బరు బెల్టే. తిరగకపోయినా వయసుతో చచ్చుబడుతుంది. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బెల్ట్‌తోపాటు టెన్షనర్, వాటర్ పంపు దాని వెనకే ఉంటే అది కూడా మార్చేయండి. చైన్ ఉన్న ఇంజన్లకు ఈ బాధ లేదు. గలగల శబ్దం ఉంటే మాత్రం చైన్, దాని గైడ్లు చూడాలి.

ఇంజన్ పూర్తిగా విప్పాల్సిందేనా, లేదా?

కంప్రెషన్ పరీక్ష చెబుతుంది. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండర్ కొలవండి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజన్‌లో సాధారణంగా 10 నుంచి 13 బార్ దాకా వస్తుంది. అంకె ఎంతన్నదాని కన్నా అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా పదిహేను శాతం దాటితే ఏదో ఉంది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు లీకవుతున్నాయి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలి ఉంటుంది. పరీక్ష చేసే ముందు ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, సరిచూసుకోండి. గ్యాప్ మరీ తక్కువై వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఇంజన్ పోయినట్టే కనిపిస్తుంది. ఇది తెలియక మంచి ఇంజన్లు రీబోర్‌కు (సిలిండర్లను కోసి వెడల్పు చేయడానికి) వెళ్ళడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పటి పెట్రోలు పాత ఇంజన్‌కు పడుతుందా?

రెండు సంగతులున్నాయి. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవాళ్ళు. ప్రపంచంలో చివరిగా రోడ్డు వాహనాలకు దాన్ని అమ్మడం అల్జీరియాలో 2021లో ఆగింది. ఆ సీసం వాల్వు సీట్ల మీద మెత్తటి పొరలా పనిచేసేది. సీసం లేని పెట్రోలుతో, గట్టిపరచని పాత సీట్లు ఎక్కువ వేగాల దగ్గర క్రమంగా లోపలికి అరుగుతాయి. హెడ్ ఎప్పుడైనా దింపాల్సి వస్తే గట్టి సీట్లు వేయించుకోండి. అందుకోసమే పనిగట్టుకుని దింపక్కర్లేదు. ట్యాపెట్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే అప్పుడు ఆలోచించాలి.

రెండోది ఇథనాల్. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ లోపలి డయాఫ్రమ్‌లు దానికి ఉబ్బి, చీలిపోతాయి. ఇంజన్ బేలో పెట్రోలు కారితే మంటే. అందుకే ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవాటితో మార్చేయండి. చూడటానికి బాగున్నవి కూడా. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి కారును నెలల తరబడి ఆపే ముందు కార్బురేటర్ ఖాళీ చేయడం మంచిది.

కార్బురేటర్ తీసేసి వేరేది పెట్టుకోవాలా?

అక్కర్లేదు. దాని గొడవల్లో ఎక్కువ భాగం జెట్లలో గడ్డకట్టిన పాత పెట్రోలు, ఫ్లోట్ ఎత్తు తప్పడం, అడుగు గ్యాస్కెట్ దగ్గర గాలి పీల్చడం. విప్పి, క్లీనర్‌తో కడిగి, రిపేర్ కిట్ వేసి, ఫ్లోట్ ఎత్తు మాన్యువల్ ప్రకారం పెట్టండి. జెట్ల రంధ్రాల్లో సూది, తీగ దూర్చొద్దు. ఆ రంధ్రం కొలతే పెట్రోలును లెక్కగట్టేది. గాలితో ఊదండి. కార్బురేటర్ ముట్టుకునే ముందు ట్యాపెట్లు, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చి), టైమింగ్ సరిచేసి ఉండాలి. చాలాసార్లు "కార్బురేటర్ పోయింది" అన్నది పాయింట్ల దగ్గరే తేలిపోతుంది.

తుప్పును ఎలా వదిలించాలి? పైన కన్వర్టర్ పూసి పెయింట్ వేస్తే సరిపోతుందా?

తుప్పులో మూడు దశలున్నాయి. పైపైన ఎర్రగా కనబడేది, రేకులో గుంటలు పడినది, చిల్లు పడినది. మొదటిదాన్ని వైరు బ్రష్, ఎమెరీ పేపర్‌తో మెరిసే లోహం దాకా తీసేసి ఎపాక్సీ ప్రైమర్ వేయండి. రెండోదాంట్లో గుంటల అడుగున తుప్పు మిగిలిపోతుంది కాబట్టి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం, అంటే కన్వర్టర్, కావాలి. అది ఇనుప ఆక్సైడ్‌ను ఇనుప ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. వదులుగా పొరలుగా ఉన్న తుప్పు మీద పూస్తే పై పొర మారి, కింద పాత కథే నడుస్తుంది. ఊడొచ్చేదంతా గీకేశాకే దాన్ని వాడాలి. మూడోదానికి మందు లేదు. కోసి కొత్త రేకు వేయాల్సిందే.

చిల్లు మీద ఫైబర్, పుట్టీ రుద్దడం మాత్రం వద్దు. పుట్టీ తేమను పీల్చుకుంటుంది. దాని వెనక రేకు మరింత వేగంగా చివుకుతుంది, మీకు కనబడదు. పుట్టీకి దాని స్థానం ఉంది: గట్టి రేకు మీద చిన్న సొట్టలు నింపడానికి, రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా.

తుప్పు ఎందుకు పట్టిందో కనుక్కోకుండా రేకు మార్చితే అది మళ్ళీ వస్తుంది. చిన్న కార్లలో ఎక్కువ తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. తలుపుల అడుగున, బోలు దూలాల అడుగున నీళ్ళు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో మట్టి, ఆకులు చేరి మూసుకుపోతే లోపల నీళ్ళు నిలుస్తాయి. తీగతో వాటిని పొడిచి తెరవడం అరగంట పని. ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో దానికంటే ఎక్కువ ఫలితమిచ్చింది ఇంకోటి లేదు. విండ్‌షీల్డ్ రబ్బరు, వెనక లైట్ల గ్యాస్కెట్లు, డిక్కీ రబ్బరు కూడా చూడండి. స్టెప్నీ గుంతలోకి వచ్చే నీళ్ళు సాధారణంగా అక్కడినుంచే. పని ముగిశాక బోలు భాగాల్లోకి పొడవాటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ కొట్టండి. అది లోపల పాకి, సందుల్లోకి ఇంకుతుంది. నీళ్ళు పోయే రంధ్రాలు దానితో మూసుకోకుండా చివర్లో మళ్ళీ పొడవండి.

వెల్డింగ్ నేనే నేర్చుకుని చేసుకోవచ్చా?

ఫెండర్, నేల రేకు లాంటి చోట్ల చేసుకోవచ్చు. పలచటి రేకుకు మిగ్ వెల్డర్, 0.6 మిల్లీమీటర్ల తీగ నప్పుతాయి. ఒకేసారి పొడవుగా లాగితే రేకు వేడికి వంకర్లు పోతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, చల్లారనిచ్చి మళ్ళీ మధ్యలో ఒకటి, అలా నింపుకుంటూ రావాలి. ముందు చెత్త రేకు ముక్కల మీద నెల రోజులు సాధన చేయండి.

సస్పెన్షన్ పట్టుకునే చోట్లు, సీటు బెల్ట్ బిగించే చోట్లు, బోలు దూలాలు అనుభవం ఉన్న వెల్డర్‌కే అప్పగించండి. వాటిని మార్చేటప్పుడు తలుపుల మధ్య ఖాళీలు తప్పకుండా లోపల బ్రేసులు కట్టాలి. లేదంటే బాడీ కుంగి, తలుపులు మూసుకోవు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీసేయాలి, పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపలంతా ఆవిరే కాబట్టి. ట్యాంకును ఇంట్లో వెల్డింగ్ చేసే ఆలోచనే పెట్టుకోవద్దు.

బ్రేకులు పనిచేస్తున్నాయి. అయినా విప్పాలా?

అన్నిటికన్నా ముందు విప్పాల్సింది వాటినే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కితే ఆయిల్ ఆవిరై, పెడల్ నేలకు అంటుకుంటుంది. అదే తేమ లోపలినుంచి సిలిండర్లకు తుప్పు కూడా పట్టిస్తుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చడం మంచి అలవాటు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మిగతావాటితో కలపకూడదు.

డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల రబ్బరు టోపీ అంచు ఎత్తి చూడండి. తడిగా ఉంటే సిలిండర్ మార్చాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదొద్దు, తడిపి తుడవండి. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు బయటికి బాగున్నా లోపల ఉబ్బి ఉంటాయి. పెడల్ తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు, చక్రం పట్టేసి ఉంటుంది. కాలిపర్ పోయిందని కాలిపర్ మార్చి, సమస్య తీరక తల పట్టుకునేవాళ్ళు చాలామంది. ఇనుప పైపులు తుప్పు పట్టి ఉంటే రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన పైపులు వేయండి. అవి వంచడానికి తేలిక, తుప్పు పట్టవు.

బ్రేక్ పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) ఉంచుకుంటే పెడల్‌ను నేల దాకా తొక్కొద్దు. దాని లోపల రోజూ రబ్బరు వాషర్లు తిరిగే భాగం నున్నగా ఉంటుంది, దాని అవతల తుప్పు ఉంటుంది. అక్కడికి వెళ్ళిన వాషర్ చీలిపోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టుకోండి. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, అది పెయింట్‌ను లేపేస్తుంది.

లైట్లు మసగ్గా ఉన్నాయి, ఇండికేటర్ వేస్తే ఇంకేదో వెలుగుతుంది. వైరింగ్ అంతా మార్చాలా?

చాలావరకు అది ఎర్త్ లోపమే. బాడీకి బిగించిన ఎర్త్ చోటు తుప్పు పడితే కరెంటు ఇంకో బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. అందుకే ఆ వింతలన్నీ. ప్రతి ఎర్త్ బోల్టూ విప్పి, లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయండి. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే తాళ్ళు (మందపాటి వైర్లు) ముఖ్యం.

మల్టీమీటర్‌తో కొలవడం నేర్చుకుంటే ఊహించాల్సిన పనుండదు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల చుట్టూ, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 దాకా చూపాలి. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య కొలిస్తే 0.2 వోల్టులు మించకూడదు. మించితే ఎర్త్ తాడే దొంగ. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే అన్నీ ఆపి, బ్యాటరీ తాడుతో వరుసలో మీటర్ పెట్టండి. 50 మిల్లీయాంపుల కన్నా ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏది తీస్తే పడిపోతుందో అక్కడే ఉంది. కాలిన ఫ్యూజు బదులు పెద్దది వేయడం, రేకు కాగితం చుట్టడం కారును కాల్చే పనులు.

ఇంజన్ వేడెక్కుతోంది. థర్మోస్టాట్ తీసేయమంటున్నారు.

తీయొద్దు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి ఎక్కదు, ఆయిల్‌లో తేమ పోదు, అరుగుదల పెరుగుతుంది. దాన్ని వేడి నీళ్ళ గిన్నెలో వేలాడదీసి, మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో లేదో చూడండి. తర్వాత రేడియేటర్‌ను ఉల్టాగా, అంటే కింది గొట్టం నుంచి నీళ్ళు పెట్టి కడగండి. రేడియేటర్ మూత మార్చండి. చిన్న భాగమే గానీ దాని పీడనమే మరిగే హద్దును పైకి నెడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనివ్వకండి.

సస్పెన్షన్ బుష్‌లు మార్చిన ఏడాదికే పోయాయి. ఎందుకు?

చక్రాలు వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగించి ఉంటారు. రబ్బరు ఆ స్థితిలో పట్టుబడుతుంది. కారు కిందికి దిగగానే మెలితిరిగి ఉండిపోతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. కాయిల్ స్ప్రింగ్ తీయాల్సి వస్తే మంచి కంప్రెసర్ లేకుండా ముట్టుకోకండి, అందులో దాగిన బలం ఎముకలు విరుస్తుంది.

పెయింట్ ఇంట్లో వేసుకోవచ్చా?

ముందు, పాత పెయింట్‌ను పాలిష్ చేసి చూశారా? వెలిసిపోయిందనుకున్నది చాలాసార్లు పై పొర మాత్రమే. అసలు పెయింట్ సగమైనా మిగిలిన కారుకు కొత్త పెయింట్ వేయడం నాకు మనసొప్పదు.

వేయాల్సిందే అయితే పనంతా పెయింట్ కింద ఉంటుంది. 80 నంబరు కాగితంతో పుట్టీ ఆకారం, తర్వాత 180, 320, ప్రైమర్ మీద 600 వాటర్ పేపర్. ప్రతిసారీ ముందు నంబరు గీతలు పోవాలి. హార్డెనర్ కలిపే రెండు భాగాల పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేస్తాయి. మామూలు మాస్కు చాలదు, బయటి గాలి అందించే ముసుగు కావాలి. అందుకే రుద్దడం, ప్రైమర్ సిద్ధం చేయడం మీరు చేసుకుని, చివరి పొర పెయింట్ బూత్ ఉన్నవాళ్ళ చేత వేయించుకోండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, తడిపే రుద్దండి.

ఇక అప్‌గ్రేడ్‌లు. దేనితో మొదలుపెట్టాలి?

ఆగడం, కనబడటం, చల్లగా ఉండటం. వేగం వీటి తర్వాతే.

టైర్లతో మొదలుపెట్టండి. పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి నిండా ఉన్నా పదేళ్ళు దాటినవి తీసేయండి. సైజు మార్చాలనుకుంటే మొత్తం వ్యాసం తేడా మూడు శాతం దాటకూడదు. ఉదాహరణకు 155/80 ఆర్13 టైరు వ్యాసం 578 మిల్లీమీటర్లు, 165/65 ఆర్14ది 570. స్పీడోమీటర్ పెద్దగా తప్పదు. మరీ వెడల్పువి వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, వంపుల్లో బాడీకి రాసుకుంటాయి.

తర్వాత హెడ్‌లైట్లకు రిలే. పాత కార్లలో లైట్ల కరెంటంతా స్విచ్చి గుండానే వెళ్తుంది. దారిలో వోల్టేజి పోతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే హాలోజన్ బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో మందపాటి వైరు లాగి, రిలే 30వ కాలికి ఇచ్చి, 87 నుంచి బల్బులకు తీసుకోండి. పాత స్విచ్చి వైరు 86కు, ఎర్త్ 85కు. మామూలు 60/55 వాట్ల హెచ్4 బల్బే కొత్తగా కనబడుతుంది. దాని బదులు ఎల్‌ఈడీ బల్బు పెడితే, రిఫ్లెక్టర్ ఫిలమెంట్ కోసం చేసినది కాబట్టి వెలుగు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళల్లో పడుతుంది. చాలా దేశాల్లో నిషేధం కూడా.

బ్రేకుల్లో, మీ కారుకు ఒకే సర్క్యూట్ ఉంటే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్‌కు మారండి. ఒక పైపు తెగినా కారు ఆగాలి. ముందు చక్రాలకు డిస్కులు పెట్టాలనుకుంటే అదే మోడల్ తర్వాతి రకంలో వచ్చిన భాగాలన్నీ కలిపి, మాస్టర్ సిలిండర్, వెనక ప్రెషర్ వాల్వుతో సహా, తీసుకోండి. ముందు వెనకల పాళ్ళు తప్పితే వెనక చక్రాలు ముందుగా పట్టేసి కారు గిర్రున తిరిగిపోతుంది.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం చిన్న పనే, హాయిగా ఉంటుంది. పాత పాయింట్ల సెట్టు డిక్కీలో ఉంచుకోండి. మూడు బిందువుల సీటు బెల్టులు లేకపోతే పెట్టించుకోండి. పాత బెల్టులుంటే కొత్తవి వేయండి.

పవర్ పెంచాలంటే?

సరిగ్గా ట్యూన్ చేసిన ఇంజనే చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. అంతకు మించి కావాలంటే అదే కుటుంబానికి చెందిన పెద్ద ఇంజన్ వేయడం, విడివిడిగా క్యామ్, కార్బురేటర్, ఎగ్జాస్ట్ మార్చుతూ పోవడం కన్నా నమ్మకంగా నడుస్తుంది. ఇంజన్ మార్చితే ఉన్నచోటి రిజిస్ట్రేషన్ నిబంధనలు, బీమా ముందుగా చూసుకోండి. 1959లో వచ్చిన మినీ లాంటి కార్లలో ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే ఆయిల్‌ను పంచుకుంటాయి. అలాంటివాటిలో పవర్ పెంచితే ఆయిల్ ఇంకా తరచుగా మార్చాలి.

లోపలి భాగం సంగతి?

కార్పెట్ కింద పూర్తిగా ఆరాకే ఏదైనా పరవండి. శబ్దం తగ్గించే బరువు షీట్లు ప్యానెల్ అంతా కప్పక్కర్లేదు, మధ్యలో పావు వంతు అంటించినా మోత తగ్గుతుంది. సీట్ల స్పాంజి, పైకప్పు గుడ్డ అన్నిటికన్నా చివర.

మొదటిసారి రోడ్డెక్కే రోజు ఏం చేయాలి?

ఇంటి చుట్టుపక్కలే పది నిమిషాలు. ఖాళీ చోట, తక్కువ వేగంలో, గట్టిగా బ్రేకు వేసి కారు పక్కకు లాగుతుందేమో చూడండి. ఆపాక ఒక్కో చక్రం దగ్గర చేయి పెట్టి వేడి పోల్చండి. ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టి ఉంది, లేదా బేరింగ్ బిగుసుకుంది. యాభై కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించండి. విప్పి కట్టిన ఇంజన్‌కు మొదటి ఐదు వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చండి.

రాత్రి కారు కింద శుభ్రమైన అట్ట పరిచి, పొద్దున్నే చూడండి. నల్లటి చుక్క ఇంజన్ ఆయిల్, పచ్చగా లేదా గులాబీ రంగులో ఉంటే కూలెంట్. వీటికి ఆ వారంలో తీరిక చేసుకోవచ్చు. చక్రం లోపలి వైపు రంగులేని పలచటి తడి కనిపిస్తే మాత్రం అది బ్రేక్ ఆయిల్ కావచ్చు, తాళం చెవి లోపల పెట్టేసి, ఆ చక్రమే ముందు విప్పండి.